సైదాబీ: ఒక పేరు, రెండు అర్థములు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలు మమ్ములను పిలిచి విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్య అవసరమని ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మీరు వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి మేము పెద్ద విషయం జోలికి పోదలచలేదు. ఒక్క ఆడబిడ్డ పేరును గురించి మాట్లాడదలచినాము. ఆ పేరు సైదాబీ. ఇందులో మాట్లాడటానికి ఏమున్నదని మీరు అనుకోవచ్చును. ఈ పేరు మూలంగా ఒక బిడ్డ చదువు అడ్డం పడింది. అందులో మా పొరపాటు కూడా ఉన్నది. కనుకనే ఈ సంగతి మీ ముందు పెట్టుచున్నాము.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల చుట్టుపక్కల సైదా అనే మాట లేని ఊరు లేదు. మిర్యాలగూడ బస్టాండులో నిలబడి "సైదులూ" అని గట్టిగా పిలిస్తే నలుగురైనా తిరిగి చూస్తారు. ఆ నలుగురిలో ముగ్గురు హిందూ సోదరులే కావచ్చును. సైదులు, సైదయ్య, సైదమ్మ, సైదాబీ, సైదా నాయక్, సైదిరెడ్డి, ఇవన్నీ ఇక్కడి పేర్లే. 2019లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచిన శాసనసభ్యుని పేరు శానంపూడి సైదిరెడ్డి. అరబ్బీ మాట, తెలుగు కులనామం పక్కపక్కనే కూర్చున్నవి. వేరే జిల్లా వారికి ఇది వింత. మనకు వింత కాదు.

దీనికి మూలం మీ అందరికీ తెలిసినదే. పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉన్నది. అక్కడ జాన్‌పాక్ షహీద్, మొయినుద్దీన్ షహీద్ విశ్రమించియున్నారని ప్రతీతి. ప్రతి సంవత్సరం జనవరి నెలలో ఉర్సు జరుగుతుంది. గంధం ఊరేగింపు చూడటానికి బండ్లు కట్టుకొని వచ్చే కాలం పోయి బస్సులు, ఆటోలు వచ్చినవి గాని, వచ్చే జనం తగ్గలేదు. కందూరు చేసేవారిలో మన వారెంతమందో హిందువులు అంతమంది. సయ్యద్ అనే మాట జనం నోట సైద్ అయినది. దానికి తెలుగు వారు గౌరవంగా "లు" చేర్చినారు. రాములు, నర్సింహులు అన్నట్లే సైదులు. ఆడబిడ్డ పుడితే హిందువుల ఇంట సైదమ్మ, మన ఇంట సైదాబీ. వరంగల్ వైపు పోతే అన్నారం షరీఫ్ మూలంగా యాకూబ్, యాకయ్య, యాకమ్మలు కనబడతారు. ఒక్కొక్క దర్గా చుట్టూ ఒక్కొక్క పేరు పంట పండింది.

మొక్కు సరి అయినదా కాదా, దర్గాకు పోవచ్చునా కూడదా అన్న చర్చ మన సమాజంలో ఉన్నది. దానిని ఉలమాలకు వదలిపెడదాము. మేము బడిపంతులము. మా పని మాటకు అర్థం చెప్పడం, అక్షరం సరిగా రాయించడం. ఆ రెండింటికే కట్టుబడి మాట్లాడతాము.

ముందుగా ఈ పేరును విడదీసి చూద్దాము. చివరనున్న "బీ" పారశీకం నుండి వచ్చిన బీబీ అనే మాటకు కుదింపు. గౌరవనీయురాలు, ఇంటి పెద్ద స్త్రీ అని దాని భావము. దక్కనులో ఫాతిమాబీ, హుస్సేన్‌బీ, ఇమాంబీ, జాన్‌బీ అని ఆడవారి పేరు చివర ఇది మర్యాదకు చేరుతుంది. తెలుగులో "అమ్మ" చేసే పనినే ఉర్దూలో "బీ" చేస్తుంది.

ఇక సైదా. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మనం ఒకే తీరుగా పలికే ఈ మాట వెనుక అరబ్బీలో రెండు వేరు వేరు మాటలున్నవి.

మొదటిది సయ్యిదా. సీన్, యే, దాల్, హే అక్షరాలతో రాస్తారు. సయ్యిద్ అంటే నాయకుడు, ప్రభువు. సయ్యిదా అంటే నాయకురాలు, దొరసాని. ఖురాన్‌లో హజరత్ యహ్యా అలైహిస్సలాంను గురించి చెప్పిన చోట సయ్యిద్ అనే మాట వస్తుంది. హజరత్ ఫాతిమా రజియల్లాహు అన్హా సంతానానికి, అనగా హసన్, హుసేన్‌ల వంశం వారికి, తరువాతి కాలంలో ఇది బిరుదు అయినది. అక్కడి నుండి మన దేశంలో ఒక వంశం పేరుగా, కులం పేరుగా స్థిరపడింది. కాని అరబ్బు దేశాలలో నేటికీ ఇది సాధారణ మర్యాద మాటే. మన పిల్లలు గల్ఫ్‌లో పనికి పోతున్నారు గదా, వారిని అడగండి. అక్కడ ఆడవారికి ప్రత్యేకించిన తలుపుల మీద "సయ్యిదాత్" అని రాసి ఉంటుంది. స్త్రీలు అని అర్థం. శ్రీమతి అన్నట్లుగా ప్రతి ఆడమనిషి పేరు ముందు సయ్యిదా అంటారు. ఈ మాట సముద్రం దాటి స్పెయిన్ కూడా చేరింది. 1099లో మరణించిన అక్కడి క్రైస్తవ వీరుడు రోడ్రిగోకు "ఎల్ సిడ్" అనే పేరు వచ్చింది. ఆ సిడ్ మన సయ్యిదే. మిర్యాలగూడ సైదులుకు, స్పెయిన్ సిడ్‌కు మాటలో చుట్టరికం ఉన్నదన్న మాట.

రెండవది సయీదా. సీన్, ఐన్, యే, దాల్, హే. నడుమ ఐన్ ఉన్నది, చూడండి. దీని ధాతువే వేరు. సాదత్ అంటే సౌభాగ్యము. సయీద్ అంటే భాగ్యవంతుడు, సయీదా అంటే భాగ్యవతి, సంతోషముగా ఉన్నది. సూరా హూద్‌లో సయీద్ అనే మాట ఈ అర్థంలోనే ఉన్నది. సాద్, మసూద్, సాదియా ఇవన్నీ ఈ ఇంటి బిడ్డలే. స్వర్గవాసులని శుభవార్త పొందిన పదిమంది సహాబాలలో సాద్ బిన్ అబీ వఖాస్ ఒకరు, సయీద్ బిన్ జైద్ మరొకరు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారికి పాలిచ్చి పెంచిన తల్లి హలీమా సాదియా బనూ సాద్ తెగ ఆడబిడ్డ. గులిస్తాన్ రాసిన షేక్ సాదీ పేరులోనూ ఇదే ధాతువు.

ఈ రెండు మాటలను ఉర్దూలో రాస్తే చిన్న పిల్లవాడు కూడా తేడా చెబుతాడు. తెలుగులో సైదా అని రాస్తే చెప్పలేడు. తెలుగు లిపిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. తెలుగులో ఉన్న ణ, ళ మనకు లేవు. ఉర్దూలో ఉన్న మూడు స-కారాలు, నాలుగు జ-కారాలు, ఐన్ తెలుగుకు లేవు. ఏ భాష సొమ్ము దానిదే. ఒక భాష పేరును మరొక భాష దఫ్తరులో రాసేటప్పుడు రాసేవానికి అర్థం తెలిసి ఉండాలె. అంతే.

అక్షరం మారితే పేరు ఎంత మారుతుందో హదీసులో ఒక ఉదాహరణ ఉన్నది. హజరత్ ఉమర్ రజియల్లాహు అన్హు కుమార్తె ఒకరికి ఆసియా అని పేరుండెను. ఐన్, సాద్‌లతో రాసే ఈ ఆసియాకు ధిక్కరించేది అని అర్థము. ప్రవక్తవారు ఆ పేరు తీసివేసి జమీలా అని పెట్టినారు. అయితే ఫిరౌన్ భార్య, పుణ్యాత్మురాలు ఆసియా ఉన్నదే, ఆమె పేరు అలిఫ్, సీన్‌లతో రాస్తారు. ఆ పేరు మనం సంతోషంగా పెట్టుకుంటాము. తెలుగులో రెండూ ఆసియాలే. మరి ప్రవక్తవారు పేర్లు మార్చినారంటే అర్థం చెడ్డదైనప్పుడు, లేదా బర్రా అనే పేరు మాదిరిగా అందులో ఆత్మస్తుతి ఉన్నప్పుడు మార్చినారు. పాతదని, పల్లెటూరిదని మార్చలేదు.

ఇప్పుడు ఆ బిడ్డ సంగతికి వస్తాము.

మిర్యాలగూడ దగ్గరి పల్లె. వారు షేక్‌లు. తండ్రికి టైర్ల పంక్చరు దుకాణం. ఆ తల్లికి ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయినారు. మూడవ కానుపుకు నానమ్మ జాన్‌పహాడ్‌లో మొక్కుకున్నది. బిడ్డ బతికింది. ఏడవ రోజు అఖీఖా చేసి సైదాబీ అని పేరు పెట్టినారు. ఊరిలో ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో చదివి, తరువాత మా ఉన్నత పాఠశాలకు వచ్చింది. తెలివైన పిల్ల. లెక్కలలో మగపిల్లలకు కూడా చెప్పేది.

పదవ తరగతి నామినల్ రోల్స్ తయారు చేసేటప్పుడు ఆమె పేరును ఇంగ్లీషులో ఎస్, వై, ఇ, డి, ఎ అని టైపు చేసినారు. అనగా సయ్యద్ కుటుంబాల ఆడవారు రాసుకునే తీరు. ముందు షేక్, తరువాత సయ్యదా, చివర బీ. ఆ జాబితాను సరి చూసి సంతకం చేసిన ఉపాధ్యాయులలో మేమూ ఒకరము. మొత్తం పేర్లు చూసినాము, పుట్టిన తేదీలు చూసినాము. ఆ వై అక్షరం మా కంటికి ఆనలేదు.

పిల్ల మంచి మార్కులతో పాసయింది. పాలిటెక్నిక్‌లో చేరాలని బి.సి.-ఇ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టినారు. మీకు తెలుసును, 2007లో చేసిన చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్, అరబ్ మొదలైనవారు లేరు. దరఖాస్తు చూసిన కార్యాలయంలో ఏమన్నారంటే, "పేరులో షేక్ ఉన్నది, సయ్యద్ కూడా ఉన్నది, మీరు ఏది? రుజువు తెండి" అన్నారు. వారి ముందున్న కాగితం అట్లనే ఉన్నది మరి. తండ్రి దుకాణం మూసుకొని తిరగడం మొదలుపెట్టినాడు. ఈ కాగితం, ఆ కాగితం, ఒక విచారణ, మరొక సంతకం. రెండు నెలలు గడిచినవి. మొదటి విడత కౌన్సెలింగ్ అయిపోయింది.

ఒకనాటి సాయంత్రం నానమ్మ, మనుమరాలు, ఆమె అన్న ముగ్గురూ మా ఇంటికి వచ్చినారు. అన్నకు కోపంగా ఉన్నది. "సార్, ఈ పేరే దరిద్రం. కాలేజీలో నవ్వుతరు, దఫ్తర్ల ఆపుతరు. సానియా అనో, మరొకటో మార్పించండి" అన్నాడు. పిల్ల తల వంచుకొని నిలబడింది. నానమ్మ మాత్రం, "మాస్టర్ సాబ్, ఇద్దరు పోయినంక ఆ పేరు మీద బతికిన బిడ్డ. పేరు తీస్తే నా పానం తీసినట్టే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మాకు ఏమి చెప్పాలో తోచలేదు. ఏమంటే తప్పు ఆ పేరుది కాదు, మాది.

మరునాడు సెలవు పెట్టి వారి ఊరి ప్రాథమిక పాఠశాలకు పోయినాము. ప్రవేశ రిజిస్టరు తీయించి చూసినాము. అందులో అప్పటి ఉపాధ్యాయులు తెలుగుతో పాటు ఉర్దూలో కూడా పేర్లు రాసి ఉంచినారు. ముత్యాల వంటి రాత. షేక్, ఆ తరువాత సీన్, ఐన్, యే, దాల్, హే. సయీదా బీ. సయ్యద్‌తో సంబంధమే లేని పేరు. ఇంటివారు మొక్కుకున్నది సైదులుకు, ఆ ఉస్తాద్ గారు రాసింది భాగ్యవతి అని. తెలిసి రాసినారో, తన చెవికి అట్లా వినబడినదో అడగడానికి ఆయన లేరు. ఆ పుట నకలు, తండ్రి పాత కాగితాలు, మేము రాసిచ్చిన తప్పు ఒప్పుకోలు జతచేసి ఇచ్చిన పిమ్మట ధ్రువపత్రం చేతికి వచ్చింది. రెండవ విడతలో సీటు దొరికింది. కోరిన చోట గాక దూరం ఊరిలో దొరికింది. ఆ పిల్ల ఇప్పుడు హాస్టలులో ఉండి చదువుతున్నది. ఇంటి నుండి పోయి రావలసిన పిల్ల మా ఒక్క అక్షరం మూలంగా హాస్టలుకు పోయింది. తండ్రికి ఆ ఖర్చు అదనం. ఇది మేము మరచిపోరాదని నలుగురి ఎదుట చెప్పుచున్నాము.

ఇటువంటివి ఇప్పుడెందుకు ఎక్కువైనవో కొంత ఆలోచించినాము. నిజాం కాలంలో 1884 నుండి దఫ్తరు భాష ఉర్దూ. మన పేర్లకు అప్పుడు ఇబ్బంది లేకుండెను, తెలుగు వారి పేర్లకే ఉండెను. మల్లయ్య, ఎల్లమ్మ ఉర్దూ మున్షీల చేతిలో ఎన్ని అవస్థలు పడ్డారో పెద్దలు కథలుగా చెప్పేవారు. 1948 తరువాత ఉర్దూ వెనుకకు పోయింది. 1966లో తెలుగు అధికార భాష అయింది. ఇప్పుడు కంప్యూటర్లలో ఇంగ్లీషు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది గాని, మన బిడ్డల పేర్లు మాత్రం ఇంగ్లీషు టైపులోనే పుట్టి ఇంగ్లీషు టైపులోనే పెరుగుతున్నవి. ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఇంగ్లీషుకు మారేసరికి ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు, మార్కుల మెమోలో మరొక తీరు. నాడు మల్లయ్యకు జరిగినది నేడు సైదాబీకి జరుగుతున్నది. ఎవరి మీదా కోపం పెట్టుకోనక్కరలేదు. మనం జాగ్రత్తపడాలె.

అందుచేత సంఘ సభ్యులకు మా విన్నపాలు కొన్ని.

ఒకటి. బిడ్డకు పేరు పెట్టే రోజుననే దాని అర్థం పేష్ ఇమామ్ గారినో, ఉర్దూ తెలిసినవారినో అడిగి, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో ఒక కాగితం మీద రాయించి ఇంటిలో దాచండి. మూడు నిమిషాల పని.

రెండు. జననాన్ని 21 రోజులలో నమోదు చేయించండి. అప్పటికి పేరు నిర్ణయం కాకపోతే 12 నెలల లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చును. ఆ తరువాత రుసుముతో 15 సంవత్సరాల దాకా అవకాశం ఉన్నది. 2023 అక్టోబరు 1వ తేదీ నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఇతర పనులకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం వచ్చింది. అందులో తప్పు పడితే ఆ తప్పు జీవితమంతా వెంట వస్తుంది.

మూడు. పదవ తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు తల్లిదండ్రులు బడికి వచ్చి పేరు ఒక్కొక్క అక్షరం చదివి చూడండి. చదవరాకపోతే చదివించుకోండి. ఉపాధ్యాయులు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మేము ఇకమీదట విసుక్కోము.

నాలుగు. మన సంఘంలో చదువుకున్న యువకులు ఉన్నారు. మూడు పట్టణాలలోనూ వేసవి సెలవులలో ఒక్కొక్క ఆదివారం కూర్చొని పిల్లల కాగితాలలో పేర్లు సరిచూసే ఏర్పాటు చేస్తే మేము వచ్చి కూర్చుంటాము. ఇందుకు నిధి అవసరం లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు చాలును.

చివరగా ఆడబిడ్డలకు ఒక మాట. అమ్మా, సైదాబీ అంటే పల్లెటూరి పేరని ఎవరైనా నవ్వితే మీరు సిగ్గుపడకండి. ఈజిప్టు రాజధాని కైరోలో సయ్యిదా నఫీసా అనే మహానుభావురాలి పేరుతో మసీదు ఉన్నది. ఆమె హజరత్ హసన్ వంశానికి చెందినవారు, 824లో పరమపదించినారు. ఇమాం షాఫయీ వంటి పండితుడు ఆమె వద్దకు విద్య కోసం వచ్చేవాడని చెబుతారు. ఆడమనిషి విద్యావంతురాలైతే ఆ కాలంలోనే ఎంత గౌరవం ఉండెనో చూడండి. మీ పేరును ఐన్ లేకుండా రాస్తే నాయకురాలు, ఐన్ పెట్టి రాస్తే భాగ్యవతి. ఏ వైపు తిరిగినా మంచి అర్థమే. దానికి బీ చేరిస్తే మర్యాద మీద మర్యాద. పొరుగింటి సైదమ్మది కూడా ఇదే పేరు. జనవరిలో గంధం నాడు ఇద్దరు తల్లులూ ఒకే బస్సులో పోయి వచ్చినారు. ఇటువంటి పేరు కొని తెచ్చుకుంటే దొరికేది కాదు.

ధ్రువపత్రం వచ్చిన నాడు ఆ పిల్ల మా ఇంటికి మిఠాయి తెచ్చింది. "మరి పేరు మార్పిద్దామా బేటీ?" అని అడిగినాము. "వద్దు సార్. ఐన్ ఎట్ల రాయాలో మళ్ల ఒకసారి చూపించండి, మరిచిపోయిన" అన్నది. పదవ తరగతి దాకా ఉర్దూలో చదివిన పిల్ల తన పేరును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి రాసి, ఉర్దూలో ఎట్లా రాయాలో మరచిపోయింది. అది కూడా మా లెక్కలోకే వస్తుంది. కాగితం తీసి రాసి చూపించినాము. తానూ నాలుగుసార్లు రాసి, ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకొని పోయింది.

ఇంటికి పోయిన తరువాత మీ మీ బిడ్డలను పిలిచి వారి పేరుకు అర్థమేమిటో చెప్పండి. తెలియకపోతే తెలుసుకొని చెప్పండి.